గాలిమోటరు ఎంచేది ఒకలు.. ఎక్కేది ఇంకొకలు

ఓఎన్‌జీసీ సముద్రం పనికి కొత్త గాలిమోటర్లు రాబోతున్నయి. 2024 నవంబర్‌ల పవన్ హన్స్ కంపెనీకి ఈ కాంట్రాక్టు దక్కింది. నాలుగు హెలికాప్టర్లు, పదేండ్లు, 2,141 కోట్ల రూపాయలు. తెచ్చేది బయటి దేశం సరుకు కాదు, మన బెంగళూరు హెచ్‌ఏఎల్ తయారు చేసిన ధ్రువ్ ఎన్‌జీ. 2025 డిసెంబర్ ఆఖర్ల అది బెంగళూరుల ఎగిరినప్పుడు జెండా ఊపింది సిక్కోలు ఎంపీ, కేంద్ర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడే. ఆ వీడియోలు ఫోన్లల్ల మస్తు తిరిగినయి. స్వదేశీ అని అందరు చప్పట్లు కొట్టిండ్రు. కొట్టుడు తప్పేం కాదు. గాని ఆ సీట్లల్ల బెల్టు వెట్టుకొని సముద్రం మీదికి పోయేటోడు ఈ ముచ్చటల యాడ ఉన్నడు? ఆయనను ఒక్కమాట అడిగిండ్రా?

ముంబై తీరం నుంచి సుమారు 160 కిలోమీటర్లు లోపలికి పోతె బాంబే హై వస్తది. 1974ల అక్కడ చమురు పడ్డది. ఆ రిగ్గుల మీద పర్మనెంట్ ఉద్యోగికి 14 రోజులు పని, 14 రోజులు సెలవు. కాంట్రాక్టోళ్ల సంగతి ఆ కాంట్రాక్టరు ఇష్టం. వెల్డర్లు, రిగ్గర్లు, క్రేన్ నడిపేటోళ్లు, వంట జేసేటోళ్లు, అందరు జుహూల హెలికాప్టర్ ఎక్కాల్సిందే. మన తూర్పు తీరంల గూడ గిదే పని. కాకినాడ తీరానికి 35 కిలోమీటర్ల దూరంల, కృష్ణా గోదావరి బేసిన్ లోతు నీళ్లల్ల 2024 జనవరి 7న ఓఎన్‌జీసీకి మొదటి చమురు వచ్చింది. ఐటీఐ, డిప్లొమా చేసిన పోరగాళ్లకు 'ఆఫ్‌షోర్ జాబ్' అని ఏజెంట్లు రీళ్లు చూపెడుతున్నరు. మనోళ్లు జీతం ఎంతని అడుగుతరు, తిండి, రూమ్ అడుగుతరు. ఎట్ల తోల్కపోతరు, దేంట్ల తోల్కపోతరు అని అడిగేటోడు నూటికి ఒక్కడు ఉండడు.

అడగనిస్తె గదా, అని మీరనొచ్చు. నిజమే. ఈ దేశంల సముద్రం హెలికాప్టర్లను ఎట్ల ఎంచిండ్రో చూస్తె ఆ మాట మంచిగ సమజైతది.

పవన్ హన్స్ పుట్టిందే ఓఎన్‌జీసీ మనుషులను మోసుడు కోసం, 1985ల. దానికి బండ్లు కావాలె. గప్పుడు బ్రిటన్‌ల వెస్ట్‌లాండ్ అనే కంపెనీ దివాలా అంచుల ఉన్నది. వాళ్ల వెస్ట్‌లాండ్-30 హెలికాప్టర్‌ను కొనేటోడు దొరుకుత లేడు. మార్గరెట్ థాచర్ సర్కారు ఏం జేసిందంటె, ఇండియాకు ఇచ్చే సాయం పైసలల్లకెల్లి 6.5 కోట్ల పౌండ్లు తీసి, వాటితోని ఆ హెలికాప్టర్లే 21 కొనుమన్నది. రాజీవ్ గాంధీ మొదలు వద్దన్నడు. ఆఖరికి ఒప్పుకోవాల్సి వచ్చింది. వచ్చిన కొన్నేండ్లల్లనే రెండు కూలి 10 మంది పానాలు పోయినయి. 1991ల మొత్తం ఫ్లీట్‌ను మూలకు వెట్టిండ్రు. తర్వాత అవి అమ్ముడువోయిన ధర 9 లక్షల పౌండ్లు! అంటె ఒక కంపెనీని బతికిచ్చేతందుకు, ఒక దోస్తానా కాపాడేతందుకు బండిని ఎంచిండ్రు. సముద్రం మీద ఎట్ల ఎగురుతది అనే లెక్క అన్నిటికంటె ఎన్కకు పోయింది. 'ఫిరీగ వచ్చింది గదా' అన్నోళ్లు అప్పుడు గూడ ఉన్నరు.

సరే, మరి అసల్ ఎట్ల ఎంచాలె? ఇది పైలెట్లు, ఇంజనీర్ల ముచ్చటే అని ఇడిచిపెట్టకుండ్రి. ట్రాక్టర్ నడిపినోనికి, బోరు మోటరు విప్పినోనికి ఇంత కష్టమైన లెక్కేం కాదిది.

కాగితం మీద 14 సీట్లు అని రాస్తరు. గాని హెలికాప్టర్‌కు ఒక మొత్తం బరువు ఉంటది, అంతకు మించి లేవది. ఆ బరువులనే మనుషులు, సంచులు, ఆయిల్ అన్నీ పట్టాలె. సముద్రం మీద తొవ్వల పెట్రోల్ బంకు ఉండది. పోయేతందుకు, అక్కడ గాలో మొగులో అడ్డమొచ్చి దిగలేకపోతె తిరిగి ఒడ్డుకు వచ్చేతందుకు, ఇంకింత చేతిల ఉంచుకునేతందుకు, అంత ఆయిల్ మోయాలె. దూరం పెరిగిన కొద్ది ఆయిల్ పెరుగుతది, మనుషులు తగ్గుతరు. ఎండకాలం గాలి పల్చగైతె రెక్కలకు పట్టు తగ్గుతది, ఇంకొక్కరిని దింపాలె. అందుకే 'ఎన్ని సీట్లు' అనేది పిచ్చి ప్రశ్న. 'మే నెలల, పగటిపూట, అంత దూరం, ఎంతమందితోని?' అనేది అసలు ప్రశ్న.

దిగే జాగ గూడ చూడాలె. రిగ్గు మీద ఉండే హెలిడెక్ మన ఇంటి డాబా లెక్క, ఎంత పొడుగు బండి దిగొచ్చు, ఎన్ని టన్నులు ఆగుతది అని కట్టినప్పుడే లెక్క అయిపోతది. ఆ అంకెలు డెక్ మీద పెయింట్‌తోని రాసే ఉంటయి. పాత డాఫిన్ హెలికాప్టర్ రెక్కలతోని కలిపి పొడుగు 13.7 మీటర్లు. బయటి దేశాల లోతు సముద్రాలల్ల నడిచే సికోర్‌స్కీ ఎస్-92 అయితె 20.9 మీటర్లు. పెద్దది మంచిదని తెస్తె చిన్న డెక్‌ల మీద దిగనే దిగది.

పెద్ద బండి అంటె ఇంకో భయం గూడ ఉన్నది. 1986 నవంబర్ 6న స్కాట్లాండ్ పైన షెట్లాండ్ దీవుల కాడ, రెండు పెద్ద రెక్కల చినూక్ హెలికాప్టర్ రిగ్గు కార్మికులను తీసుకొని వస్తున్నది. ముందటి గేర్లు విరిగినయి, ముందటి రెక్కలు ఎనక రెక్కలకు తాకినయి. 47 మందిల 45 మంది పోయిండ్రు. ట్రిప్పుకు ఎక్కువ మందిని మోస్తె ఖర్చు తగ్గుతది అని తెచ్చిన బండి అది. దాని తర్వాత ఉత్తర సముద్రంల ప్యాసింజర్లకు చినూక్ మల్ల వాడలే.

మరి పడవల పోరాదా అంటరు. పోవచ్చు, ఖర్చు గూడ తక్కువే. గాని బాంబే హై దాంక అయితె గంటల తరబడి పోవాలె, ఆఖర్ల అల మీద ఊగే పడవకెల్లి క్రేన్ బుట్టల కూసోని రిగ్గు మీదికి ఎక్కాలె. వానకాలంల అదొక గండం. 2021 మే నెల తౌక్టే తుపానుల పీ-305 బార్జ్ మునిగి 70 మందికి పైగ కార్మికులు చనిపోయిండ్రు. నీళ్ల మీద ఉన్నోడు పదిలం, గాల్ల ఉన్నోడు ఆగం అని ఏం లేదు.

ఇగ గేర్‌బాక్స్ కాడికి వద్దాం. నా లెక్కల సముద్రం హెలికాప్టర్ ఎంచేటప్పుడు అన్నిటికంటె ముందుగాల అడగాల్సింది ఇదే. బండిల ఆయిల్ మొత్తం కారిపోతె ఇంజన్ ఎట్ల పట్టేసుకుంటదో మనకు ఎర్కే. రోడ్డు మీదైతె పక్కకు ఆపుతం. సముద్రం మీద హెలికాప్టర్ నెత్తి మీద ఉండే పెద్ద గేర్‌బాక్స్‌ల ఆయిల్ కారిపోతె యాడ ఆపుతరు? అందుకే ఆయిల్ లేకున్న గూడ ఆ గేర్లు 30 నిమిషాలు తిరగాలె అని అమెరికా, యూరప్ రూల్స్‌ల ఉన్నది. గాని ఆ రూల్‌కు ఒక సందు ఉండె. ఆయిల్ మొత్తం పోవుడు అనేది 'అత్యంత అరుదు' అని కంపెనీ చూపెడితె, ఆ 30 నిమిషాలు లేకున్న నడుస్తది.

ఎస్-92 ఆ సందులకెల్లే వచ్చింది. 2002ల చేసిన పరీక్షల ఆయిల్ తీసేస్తె దాని గేర్‌బాక్స్ సుమారు 11 నిమిషాలే ఆగింది. అయినా 'ఆయిల్ అట్ల పోదు' అనే లెక్కతోని పర్మిషన్ వచ్చింది. 2008 జూలైల ఆస్ట్రేలియాల ఒక ఎస్-92కు ఆయిల్ ఫిల్టర్ పట్టుకునే టైటానియం బోల్టులు విరిగినయి, ఎట్లనో దిగి బతికిండ్రు. ఆ బోల్టులు తీసి స్టీల్‌వి ఎయ్యిండ్రి అని కంపెనీ చెప్పింది. ఎప్పటిలోపట? ఏడాదిలోపట, లేకపోతె 1,250 గంటలు ఎగిరేలోపట. ఆ గడువు ఇంక ఉండంగనే 2009 మార్చి 12న కెనడా న్యూఫౌండ్‌లాండ్ కాడ, రిగ్గుకు పోతున్న ఎస్-92ల అవే బోల్టులు విరిగినయి. 18 మందిల ఒక్కరే బతికిండ్రు. రూల్ ప్రకారం అందరు కరెక్టే. బోల్టు మాత్రం విరిగింది. ఇప్పుడు ఏడబ్ల్యూ189 లాంటి హెలికాప్టర్ల కంపెనీ మా గేర్‌బాక్స్ ఆయిల్ లేకున్న 50 నిమిషాలు ఆగుతది అని గొప్పగ చెప్పుకుంటున్నదంటె, ఎన్కల ఎంతమంది ఉసురు ఉన్నదో చూడుండ్రి.

నీళ్ల మీద దిగుడు ఇంకో ముచ్చట. హెలికాప్టర్‌కు బరువంతా నెత్తి మీదనే, ఇంజన్లు, గేర్‌బాక్స్, రెక్కలు అన్నీ. నీళ్లల్ల పడ్డదంటె బోర్ల వడుతది. అందుకే పక్కలకు గాలితిత్తులు పెడతరు, దిగంగనే ఉబ్బుతయి. గాని పెద్ద అల వస్తె అవి గూడ ఆపలేవు. 2022 జూన్ 28, వానకాలం. పవన్ హన్స్ సికోర్‌స్కీ ఎస్-76డి హెలికాప్టర్ బాంబే హైల సాగర్ కిరణ్ రిగ్గుకు దగ్గర్లనే నీళ్లల్ల దిగింది. తిత్తులు ఉన్నయి. పక్కనే రిగ్గు ఉన్నది, పడవలు ఉన్నయి. అయినా 9 మందిల నలుగురు పోయిండ్రు.

అది ఒక్కటే కాదు. 2003 ఆగస్టు 11న రష్యా ఎంఐ-172 కూలి 27 మంది. 2015 నవంబర్‌ల రాత్రిపూట ట్రెయినింగ్ చేస్తుంటె డాఫిన్ పడి ఇద్దరు పైలెట్లు. 2018 జనవరి 13న జుహూల లేసిన డాఫిన్‌ల ఉన్న ఏడుగురూ, అండ్ల ఐదుగురు ఓఎన్‌జీసీ ఆఫీసర్లు. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంటది, అన్నీ బండి తప్పే అనుడు సరికాదు. గాని రష్యా బండి, ఫ్రాన్స్ బండి, అమెరికా బండి, మూడు దేశాల బండ్లు మన సముద్రంల పడ్డయి. కాబట్టి 'విదేశీది అయితె పడదు' అనుడు ఎంత అబద్ధమో, 'మనది అయితె పడదు' అనుడు గూడ గంతే.

ఇగ బ్రిటన్, నార్వే నడుమ ఉన్న ఉత్తర సముద్రం సంగతి వేరే. అక్కడ ఎక్కేటోడు నోరు తెరిచిండు.

2009 ఏప్రిల్ 1న అక్కడ సూపర్ ప్యూమా హెలికాప్టర్‌ల గేర్ పగిలి 16 మంది పోయిండ్రు. 2012ల అదే కుటుంబంల రెండు హెలికాప్టర్లు గేర్‌బాక్స్‌ల షాఫ్ట్ పగిలి నీళ్లల్ల దిగినయి, అందరు బతికిండ్రు. 2013 ఆగస్టుల ఇంకొకటి పడి నలుగురు. గప్పుడు కార్మికులు ఫేస్‌బుక్‌ల పేజీ పెట్టిండ్రు, ఈ సూపర్ ప్యూమాలను పగలగొట్టుండ్రి అని. వేలమంది వచ్చి చేరిండ్రు. బ్రిటన్ విమానయాన అధికారులు 2014ల ఒక పెద్ద రిపోర్టు తెచ్చి రూల్స్ మార్చిండ్రు. అల నాలుగు నుంచి ఆరు మీటర్లు లేసే దినం ఎగరొద్దు. నీళ్లల్ల ఊపిరి ఆడే కొత్త పరికరం ప్రతి ఒక్కరికి ఇచ్చేదాంక, తప్పిచ్చుకునే కిటికీ పక్కన ఉన్న సీట్లల్లనే కూసోవెట్టాలె. 2015 ఏప్రిల్ నుంచి ఇంకోటి, భుజాలు 22 అంగుళాలు దాటినోళ్లను పెద్ద కిటికీ పక్కకే కూసోవెట్టాలె. అంటె టేప్ వట్టుకొని మనిషి మనిషి భుజం కొలిచిండ్రు. బోర్లవడ్డ హెలికాప్టర్ కిటికీలకెల్లి ఆ మనిషి పడతడా పట్టడా అనే లెక్క. మనకాడ బట్టలు కుట్టేతందుకు తప్ప కూలోని భుజం ఎవలు కొలిచిండ్రు?

అంతటితోని ఒడువలే. 2016 ఏప్రిల్ 29న నార్వేల సూపర్ ప్యూమా ఈసీ225 రెక్కలు గాల్లనే ఊడివోయినయి. 13 మంది. మల్ల గేర్‌బాక్స్ గేరే. ఎగరకుంట ఆపిండ్రు. 2017 జూలైల బ్రిటన్, నార్వే అధికారులు మార్పులు చేసినంక ఎగరొచ్చు అని పర్మిషన్ ఇచ్చిండ్రు. కాగితాలు అన్నీ క్లియర్. గాని ఎయిర్‌బస్ కంపెనీ తనంతట తానే సర్వే చేస్తె, చాన్స్ ఇస్తె ఎక్కం అన్నోళ్లు 62 శాతం. యూనియన్లు ససేమిరా అన్నయి. చమురు కంపెనీలు మల్ల ఆ హెలికాప్టర్‌ను కార్మికుల కోసం తేలే. సర్కారు సరే అన్నా, కంపెనీ సరే అన్నా, ఎక్కేటోళ్లు వద్దన్నరు కాబట్టి ఒక బండి ఆ సముద్రంల కథ ఒడిసింది. నార్వేలనైతె కార్మికులు ఎన్నుకున్న భద్రతా ప్రతినిధికి, పానం మీదికి వచ్చే పని అనిపిస్తె ఆపే హక్కు చట్టంలనే రాసి ఉన్నది.

దీనికి ఖరీదు గూడ ఉన్నది, అది దాచుడు ఎందుకు? సూపర్ ప్యూమా పోయినంక బరువంతా ఎస్-92 మీదనే పడ్డది, తర్వాత దానికి స్పేర్ పార్టులు దొరకక తిప్పలైంది. ఒక్క రకం బండి మీదనే ఆధారపడితె గదే గతి. అయినా ఆ తిప్పలు మేలే అని నేనంట. తిప్పలకు మందు ఉంటది.

ఇప్పుడు మన ధ్రువ్. ముందు మంచి చెప్పుకోవాలె. రెండు ఇంజన్లు, హెచ్‌ఏఎల్ ఫ్రాన్స్ కంపెనీతోని కలిసి చేసిన శక్తి ఇంజన్. దెబ్బ తట్టుకునే సీట్లు, తూటు వడ్డా తనంతట తానే మూసుకునే ఆయిల్ ట్యాంకు ఉన్నయని హెచ్‌ఏఎల్ చెప్తున్నది. ఇదే కుటుంబపు హెలికాప్టర్లు సియాచిన్ మంచుల సిపాయిలను మోస్తున్నయి, అది చిన్న పని కాదు. స్పేర్ పార్టుల కోసం బయటి దేశం తలుపు కొట్టే పని తగ్గుతది.

గాని సియాచిన్ వేరు, ఉప్పునీళ్లు వేరు. 2023 మార్చిల నేవీ ధ్రువ్ ముంబై కాడ నీళ్లల్ల దిగింది. 2024 సెప్టెంబర్ 2న కోస్ట్ గార్డ్ ధ్రువ్ పోర్‌బందర్ కాడ సముద్రంల పడి ముగ్గురు పోయిండ్రు. 2025 జనవరి 5న అదే పోర్‌బందర్ ఎయిర్‌పోర్టుల ఇంకో కోస్ట్ గార్డ్ ధ్రువ్ పడి ముగ్గురు. రెక్కలకు పైలెట్ మాటను అందించే స్వాష్‌ప్లేట్ అనే చక్రం విరిగింది. దేశంల ధ్రువ్‌లు అన్నిటిని నేల మీద పెట్టిండ్రు. ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ధ్రువ్‌లకు 2025 మేల ఎగిరే పర్మిషన్ వచ్చింది. నేవీ, కోస్ట్ గార్డ్‌వి, అంటె సముద్రం మీద తిరిగేటియి, అంతకంటె ఎక్కువ కాలం నేల మీదనే ఉన్నయి. సముద్రం మీద తిరిగేటియే ఆగినయి అనేది ఓఎన్‌జీసీ కాంట్రాక్టు విషయంల యాది పెట్టుకోవాల్సిన మాట.

ధ్రువ్ ఎన్‌జీ కొత్త మోడల్, సివిల్ పర్మిషన్ వేరే, అది నిజం. వద్దు అని నేననను. వెస్ట్‌లాండ్‌ను నెత్తిన పెట్టినోళ్ల కంటె మన బండి మనం చేసుకునుడు వెయ్యి రెట్లు మేలు. గాని స్వదేశీ అనే మాటను అడ్డం పెట్టి ప్రశ్న అడగనియ్యకపోతె, అదీ వెస్ట్‌లాండ్ లెక్కనే అయితది. అప్పుడు దోస్తానా పేరు, ఇప్పుడు దేశం పేరు. సర్కారు టెండర్‌ల రూల్స్‌కు సరిపోయినోళ్లల్ల తక్కువ ధరకు ఇచ్చేటోనికి పని పోతది. ధర అంకెల్ల ఉంటది, అందరికి కనవడతది. గేర్‌బాక్స్ ఆయిల్ లేకుంట ఎన్ని నిమిషాలు ఆగింది, తిత్తులు ఎంత అల దాంక నిలవడతయి, కొత్త స్వాష్‌ప్లేట్‌ను ఎన్ని గంటలు పరీక్ష పెట్టిండ్రు, ఇవీ అంకెలే. ఇవి గూడ ఎక్కేటోనికి కనవడాలె, తెలుగుల, హిందీల, మరాఠీల. ప్రమాదాల దర్యాప్తు రిపోర్టులు వెబ్‌సైట్ల పెడతరు, పెద్ద పెద్ద ఇంగ్లిష్‌ల. వాటిని సదివే వెల్డర్ ఎవలు?

ఆఫ్‌షోర్ కొలువుకు పోయేటోళ్లను చాలా కంపెనీలు హెలికాప్టర్ ట్రెయినింగ్ సర్టిఫికెట్ అడుగుతయి. ఈత కొలనుల డొల్ల హెలికాప్టర్‌ను ముంచి, బోర్ల తిప్పి, కిటికీలకెల్లి ఎట్ల బయటవడాల్నో నేర్పుతరు. ఆ ఖర్చు పోరని జేబులకెల్లి పోయిన సందర్భాలు మస్తు. ట్రెయినింగ్ మంచిదే, తప్పకుంట చేయండ్రి. చేసే కాడ ఈ నాలుగు ముక్కలు గూడ అడగండ్రి: మేం ఎక్కే బండి ఏంది, ఏ సీటు కిటికీ పక్కది, ఎంత అల వస్తె ఎగరరు, ఎక్క అంటె కూలి కోస్తరా?

పదేండ్ల కాంట్రాక్టు అంటె పది వానకాలాలు. ఆ కాగితంల నాలుగు హెలికాప్టర్ల కిరాయి పైసతో సహా రాసి ఉంటది. జూన్ నెల గాలి లేసిన దినం 'ఇయ్యాల వద్దు' అని ఆపే అధికారం ఎవలిదో, ఆ ఎగరని దినం జుహూల సంచి పట్టుకొని కూసున్న కాంట్రాక్టు కూలోనికి హాజరు పడతదో పడదో, అది గూడ అందుల రాసి ఉన్నదా? బండి సముద్రం మీదికి పోకముందే ఓఎన్‌జీసీ, పవన్ హన్స్ దీనికి జవాబు చెప్పాలె.